పాత్రల పట్టికలో చివరి మనిషి

హనుమంతనగర్, బెంగళూరు

చిరంజీవి అమ్మాయికి,

నీ నాటిక పోయిన ఆదివారం చేరింది. ఒకసారి మనసులో, ఒకసారి గట్టిగా బయటికి చదివాను. నోటితో చదవకపోతే నాటకం చదివినట్టు కాదని నా నమ్మకం. చదివాక రెండు రోజులు జాబు రాయకుండా ఆగాను, కోపం తగ్గాక రాద్దామని. తగ్గలేదు.

ఆ కోపం సంగతి ముందే చెబుతాను. నీ మొదటి పేజీలో పాత్రల పట్టిక ఉంది. సుధ, 32 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె భర్త. అత్తగారు. పక్క ఫ్లాటు ఆవిడ, ఆవిడ కొడుకు. అందరికీ పేర్లున్నాయి, వయసులున్నాయి, ఎవరిది ఏ ఊరో కూడా రాశావు. ఆ కొడుకు ఒక్క రంగంలో వచ్చి వైఫై పాస్‌వర్డ్ అడిగి పోతాడు, వాడికీ పేరుంది. అన్నిటికన్నా కింద ఆఖరి వరసలో 'పనిమనిషి' అని ఒక్క మాట. వయసు లేదు, ఊరు లేదు. లోపల సంభాషణల్లోకి వచ్చేసరికి ఆ ఒక్క మాట కూడా పూర్తిగా రాయకుండా 'ప.మ.' అని పెట్టేశావు.

ఆమె నాలుగుసార్లు వస్తుంది. లెక్కపెట్టాను. మొదటిసారి కాఫీ తెస్తుంది. రెండోసారి కూరగాయల సంచి లోపల పెట్టి పోతుంది. మూడోసారి, సుధ మొగుడు కాఫీ కప్పు గోడకేసి కొట్టాక, నీ రంగసూచన ఇది: 'ప.మ. వచ్చి ముక్కలు ఊడ్చి వెళుతుంది.' నాలుగోసారి 'పోయొస్తానమ్మా' అంటుంది. సుధ తలెత్తదు.

తల్లీ, నీ నాటకం ఆ మూడో చోట ఉంది. నువ్వు దాన్ని చేటలోకి ఎత్తించి అవతల పారబోయించావు.

ఆ ముక్కలు ఊడ్చే మనిషి ఆ పని మొదటిసారి చేస్తోందా? ఆరు కప్పుల సెట్టులో ఎన్ని మిగిలాయో సుధకన్నా ఆమెకే బాగా తెలుసు, రోజూ కడిగేది ఆమె గనక. ముక్కల్ని ఊరికే చెత్తబుట్టలో వేస్తే చెత్తబండి వాళ్ల చేతులు కోసుకుంటాయి. అందుకని పాత పేపరులో చుడుతుందా? ఊడుస్తూ సుధ కాళ్ల దాకా వచ్చినప్పుడు చీపురు ఆగుతుందా? సుధ కాళ్లు పైకి తీసుకుంటుందా, అట్లాగే ఉంచుతుందా? సోఫా కిందికి పోయిన ముక్కను ఆమె చెయ్యి పెట్టి తీస్తుంటే ఆ మొగుడు ఎటు చూస్తాడు? ఇవేవీ నీ కాగితం మీద లేవు. ఆమె లోపలికి పోగానే సుధ చేత పేజీన్నర మాట్లాడించావు, ఆడదాని బతుకు ఇంతేనా అని. ఆ పేజీన్నర కొట్టెయ్యి. నిమిషంన్నర సేపు చీపురు చప్పుడు రాయి.

మంచి చోటు లేదని కాదు. రెండో రంగంలో సుధ అత్తగారి కళ్లజోడు తీసుకుని, తన చున్నీ అంచుతో తుడిచి ఇచ్చి, ఆ తర్వాత గొడవ మొదలుపెడుతుంది. అది చాలా బాగుంది. అట్లాంటిది రాయగల చెయ్యి నీది కాబట్టే ఇంత పొడుగు జాబు.

కథలో మాట్లాడని మనిషి రెండు వాక్యాలు దాటేసరికి కనపడకుండా పోతాడు. రంగస్థలం మీద అలా పోడు. నిలబడే ఉంటాడు, ఊపిరి తీస్తుంటాడు, ప్రేక్షకుడు వాణ్ని చూస్తూనే ఉంటాడు. మాట్లాడేవాడి నోరు ఒక పది నిమిషాలు చూస్తే చూసేవాడికి విసుగొస్తుంది. అప్పుడు కళ్లు ఎటు పోతాయి? మాట్లాడకుండా ఉన్న మనిషి మీదికి పోతాయి. నాటకం రాసేవాళ్లు ముందుగా రాయాల్సింది ఆ మనిషిని. నలభై ఏళ్లుగా చెబుతున్నా, ఇంకా చెబుతాను.

మంజుల పద్మనాభన్ నాటకాలు చదివావా? నీ ఉత్తరంలో చాలామంది పేర్లున్నాయి, ఆవిడ పేరు లేదు. 'లైట్స్ ఔట్' చదువు. ఇంగ్లీషు నాటకం. 1982లో ముంబై శాంతాక్రజ్‌లో నిజంగా జరిగినదాన్ని పట్టుకుని రాసింది. ఒక మధ్యతరగతి ఫ్లాటు, దాని ఎదుట ఇంకా కడుతున్న భవనం. రాత్రి కాగానే అక్కణ్నుంచి ఆడమనిషి అరుపులు వినిపిస్తాయి. పోలీసులకు ఫోన్ చెయ్యమని లీల మొగుణ్ని బతిమాలుతుంది. భాస్కర్ మనకెందుకంటాడు. భోజనానికొచ్చిన అతని స్నేహితుడు మోహన్‌కి అదేమిటో చూడాలని కుతూహలం. ఏదో పూజేమో, దయ్యం వదిలిస్తున్నారేమో, అసలా ఆడది ఎలాంటిదో అని చర్చ సాగుతుంది. లీల స్నేహితురాలు నైనా వచ్చి, అది మానభంగమని ఉన్న పేరు పెట్టి చెబుతుంది. ఆమె మొగుడు సురీందర్ ఊగిపోతూ పోయి వాళ్లను చంపేద్దామంటాడు. దేనితో చంపాలన్న దాని మీద మళ్లీ చర్చ. వీళ్లు ఒక మాట మీదికి వచ్చేలోపల అరుపులు ఆగిపోతాయి.

ఆ నాటకం గురించి ఎవరు మాట్లాడినా ఆ అరుపుల గురించే మాట్లాడతారు. జరిగేది కంటికి చూపించకుండా చెవికి వినిపించిన నేర్పు గురించి. అది నిజమే. కానీ నేను ఇంకొకరి గురించి చెప్పాలి. ఆ ఇంట్లో ఫ్రీడా ఉంది. వంటా పనీ చేసే మనిషి. నాటకం పొడుగునా కళ్లెదుటే తిరుగుతుంటుంది. అది తే, ఇది పెట్టు అనడం తప్ప ఆమెతో ఎవరూ మాట్లాడరు. పని లేనప్పుడు కూడా వంటింట్లో కనిపిస్తూనే ఉండాలని రచయిత్రి ముందే రాసిపెట్టింది. ఆ అరుపులు ఫ్రీడాకూ వినిపిస్తున్నాయి కదా? నువ్వేమంటావని ఆమెను ఒక్కరూ అడగరు. అడగలేదేమని ప్రేక్షకుడి చేత అనిపించడానికి రచయిత్రి ఒక్క మాటా ఖర్చుపెట్టలేదు. ఆమెను కళ్లెదుట ఉంచింది, అంతే. ఆమెకో పేరూ ఇచ్చింది.

నాకిది ఎందుకింత గుచ్చుకుందో చెప్పాలి.

1994లో మేం బనశంకరిలో అద్దెకుండేవాళ్లం. పక్క సైటులో మూడంతస్తుల ఇల్లు లేస్తోంది. సిమెంటు బస్తాలు పెట్టే గదిని ఆనుకుని రేకుల షెడ్డు, అందులో కాపలావాడి కాపురం. రాత్రి పదింటికి తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడు. నేను కిటికీ మూసేసేదాన్ని. మా ఇంట్లో పనిచేసే ఆమెది మడకశిర వైపు. పేరు నాకు తెలుసు, ఆమెనడక్కుండా ఇక్కడ రాయను. ఒకరోజు పొద్దున గిన్నెలు తోముతూ, తల ఇటు తిప్పకుండానే అడిగింది. "అక్కా, రాత్రి కిటికీ ఏసింది నువ్వేనా?" అవునన్నాను. "ఆయమ్మి మీ కిటికీలో లైటు జూసే అరుస్తాదంట. మీరు మూసినాక ఇంగ అరవదంట." అంతే చెప్పింది. పీచుతో మళ్లీ తోముకోవడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి నేను కిటికీ తెరిచి ఉంచానా అని నువ్వడుగుతావు. తెరిచాను. మావారు కిందికి పోయి వాడితో మాట్లాడారు కూడా. వారం తిరక్కముందే మేస్త్రి వాళ్లని ఇంకో సైటుకు పంపేశాడు. ఆ పిల్ల ఏమైందో తెలియదు.

ఆ మాట పట్టుకుని ఏడాదిలోపల ఒక నాటిక రాశాను. చదువుకున్నవాళ్లు ఐదుగురు హాల్లో కూర్చుని వాదించుకుంటారు. కిటికీ మాట ఒక టీచరమ్మ నోట పెట్టాను, చక్కటి భాషలోకి మార్చి. గిన్నెలు తోమే మనిషిని నాటికలో ఉంచనే లేదు. ఒక పాత్ర పెరిగితే ఒక మనిషికి బస్సు చార్జీ, భోజనం ఖర్చు పెరుగుతాయి, పరిషత్తు నాటక పోటీలకు పోయే సమాజాలకు అది భారమని తీసేశాను. రచనకు బహుమతి వచ్చింది. ఆ షీల్డు ఇప్పటికీ మా అలమరలో ఉంది. ఆమె నాకిచ్చిన మాటను ఇంకొకరి నోట్లో పెట్టి సంపాదించిన షీల్డు అది. దాన్ని తుడిచినప్పుడల్లా ఆ పీచు చప్పుడు వినిపిస్తుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక స్నేహితురాలు పుస్తకం తెచ్చిచ్చింది. కలకత్తా సీగల్ వాళ్లు 2000లో వేసిన 'బాడీ బ్లోస్'. ముగ్గురు స్త్రీల మూడు నాటకాలు అందులో ఉన్నాయి. మంజుల పద్మనాభన్‌ది 'లైట్స్ ఔట్', దీనా మెహతాది ఒకటి, మన బెంగళూరులో నాటకాలు రాసి ఆడిన పోయిలీ సేన్‌గుప్తా 'మంగళం'. అర్ధరాత్రి దాకా చదివాను. ఎదుటి భవనం, అరుపులు, పోలీసులకు చెప్పాలా వద్దా అన్న వాదన, అన్నీ నా నాటికలో ఉన్నవే. నేను తీసేసిన మనిషి ఒక్కతే మంజుల పద్మనాభన్ నాటకంలో ఉంది. నాకన్నా ఎన్నో ఏళ్ల ముందే ఆవిడ ఆ పని చేసింది. ఆ రాత్రి పడ్డ సిగ్గు నీకు తప్పాలని ఇంత గట్టిగా రాస్తున్నాను.

'మంగళం' కూడా చదువు. 1993లో మద్రాస్ ప్లేయర్స్, హిందూ పత్రిక కలిసి పెట్టిన నాటకరచన పోటీలో బహుమతి పొందిన నాటకం. మంగళమన్న మనిషి రంగం మీదికి రానే రాదు. తెర లేచేసరికే పోయి ఉంటుంది. ఇంట్లో జనం మాట్లాడుకుంటుంటే ఆమెకు జరిగిందేమిటో ఒక్కొక్క పొరే ఊడుతుంది. రెండో అంకంలో ఈ కాలపు కుటుంబం, చదువుకున్నవాళ్లు, ఆ మొదటి అంకాన్ని నాటకంగా చూసొచ్చినవాళ్లు. వాళ్ల ఇల్లూ ఏమంత వేరు కాదని మెల్లగా తెలుస్తుంది.

మనకిది కొత్తా? 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' తీసి చూడు. బేరమంతా సుబ్బి పెళ్లి మీద. ఆ పిల్ల నోట ఎన్ని మాటలున్నాయో వెతుకు. గిరీశం మాటలు అందరం అప్పజెబుతాం. సుబ్బి ఏ మూల కూర్చుని ఉంటుందో గురజాడకు తెలుసు, మనమే వెతకలేదు.

నువ్వడిగిన ఒక ప్రశ్నకు ఇక్కడే జవాబు చెబుతాను. బెంగళూరులో తెలుగు నాటకం ఎవరు చూస్తారు, కన్నడంలోకో ఇంగ్లీషులోకో మారిపోనా అన్నావు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు తెలుగు నాటకాలు రాసింది బళ్లారిలో కూర్చుని. బళ్లారి రాఘవ నటించింది అక్కడ మొదలుపెట్టి. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో ఆడపాత్ర ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, ఎందరి చేతనో మాటలు పడి, స్త్రీలను రంగం మీదికి తెచ్చిన మనిషి ఆయన. అంత కష్టపడి తెచ్చిన ఆడమనిషి చేతికి మనం కాఫీ ట్రే ఇచ్చి లోపలికి పంపిస్తున్నాం. భాష మార్చినా ఆ ట్రే మారదు. నువ్వు తెలుగులోనే రాయి. అయితే ఆ పనిమనిషి చేత 'అమ్మగారూ' అనిపించకు. ఈ ఊళ్లో ఎవరంటారు ఆ మాట? పావగడ నుంచో హిందూపురం నుంచో వచ్చినామె 'అక్కా' అంటుంది, లేకపోతే 'మేడమ్' అంటుంది. కన్నడం కలుస్తుంది. కలవనీ.

షీల్డు వచ్చిన నాటిక తర్వాత చాలా కాలం నేనేమీ రాయలేదు. 2003లో మళ్లీ రాసినప్పుడు పంతం పట్టి ఒక మేనత్తను పెట్టాను. ఇంట్లో పెళ్లి మాటలు, కట్నం బేరం నడుస్తుంటాయి. ఆమె మూల పీట మీద కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతూ ఉంటుంది. ముప్పై అయిదు నిమిషాలు ఒక్క మాట లేదు. డిసెంబరు నెల, ఈ ఊళ్లో ప్రతి ఇంట్లో పితికిన పప్పు చేసుకునే రోజులు. నిజం గింజలే తెప్పించాను. ఆ వేషానికి ఒప్పుకున్న నటి ముప్పయ్యేళ్లుగా ఊరూరా తిరిగి ఆడుతున్నామె. రిహార్సల్ మొదటి రోజు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, మాటల్లేని వేషం కదా, డబ్బులు తగ్గిస్తారా?" ఆమె చెయ్యి పట్టుకుని లేదని చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

మూడో రిహార్సల్లో కట్నం అంకె పైకి అనేసరికి ఆమె వేళ్లు ఆగాయి. రెండు వేళ్ల మధ్య గింజ. మెల్లగా నొక్కింది. తొక్క వేళ్లలో ఉండిపోయింది, పప్పు ఎగిరి ఎక్కడో పడింది. ఆమె పీట మీద నుంచి వంగి నేల తడమడం మొదలుపెట్టింది. బేరం పైన నడుస్తూనే ఉంది. నేను రాసింది కాదు అది. అట్లాగే ఉంచేశాం. ప్రదర్శన రోజు ముందు వరసలో ఒకావిడ ఆ గింజ ఎటు పోయిందా అని తల వంచి స్టేజీ కిందికి చూసింది. నా రాతకు దొరికిన బహుమతుల్లో అది పెద్దది.

పోటీలో న్యాయనిర్ణేత ఒకాయన అందరి ముందూ అన్నాడు, మాటల్లేని ఆ పాత్ర తీసేస్తే నాటిక బిగువుగా ఉంటుందని. సరే, ఆయన చెవుల మనిషి. తర్వాత ఒక వారపత్రిక ఆ నాటికను వేసుకుంటామంది. వేసుకున్నారు. చోటు చాలలేదని ఎడిటరు రంగసూచనలన్నీ కొట్టేశాడు. ఆలోచించు తల్లీ, నా మేనత్త ఉన్నదంతా రంగసూచనల్లోనే. అచ్చులో పాత్రల పట్టికలో ఆమె పేరుంది, లోపల ఎక్కడా మనిషి లేదు. పీట లేదు, గింజలు లేవు. అడగడానికి వెళితే "పాఠకులకు అవి అడ్డమండీ" అన్నాడు. ఇరవై ఏళ్లు దాటింది, ఆ మాట ఇంకా నాలో మానలేదు. నాటకాన్ని డైలాగుల కట్టగా చూసే ఎవరి చేతికీ నీ రాత ఇవ్వకు. రంగసూచన కొట్టేస్తామంటే ఇచ్చిన కాగితాలు వెనక్కి తెచ్చుకో.

ఇప్పుడు ఇంకో జబ్బు వచ్చింది. వెనక పెద్ద తెర కట్టి వీడియో వేస్తారు, మనసులో మాట స్పీకర్లో వినిపిస్తారు. నీ ఆఖరి రంగంలో సముద్రపు కెరటాల వీడియో రాశావు. బెళ్లందూరు ఫ్లాటులో సముద్రం ఎందుకు? సుధ మనసు అర్థం కాదనా? ఆ తర్వాత ఫోన్లు. పదకొండుసార్లు ఫోన్ మోగుతుంది నీ నాటికలో. ప్రతిసారీ ఒక సమాచారం చెప్పడానికే. యంత్రాన్ని రంగం మీదికి తేవాలంటే మంజుల పద్మనాభన్ 'హార్వెస్ట్'లో ఎలా తెచ్చిందో చూడు. 1997లో గ్రీసు దేశపు ఒనాసిస్ పోటీలో మొదటి బహుమతి గెలిచిన నాటకం. ముంబైలో ఒకే గదిలో ఒక కుటుంబం. ఓం అనే కుర్రవాడు తన ఒంట్లోని అవయవాలు అమ్ముకోవడానికి ఒక కంపెనీకి సంతకం పెట్టి వస్తాడు. ఇంటి కప్పు నుంచి ఒక యంత్రం వేలాడదీస్తారు. అది ఎప్పుడు పడితే అప్పుడు వెలుగుతుంది. అందులో జిన్నీ అనే అందగత్తె మొహం కనిపించి ఏం తినాలో, ఎలా శుభ్రంగా ఉండాలో చెబుతుంటుంది. ఆ ఇంట్లోవాళ్లు కూర్చునే తీరే మారిపోతుంది. అది వెలగనప్పుడు కూడా అందరికీ ఒక కన్ను దాని మీదే. చూశావా, అక్కడ కూడా పలకకుండా వేలాడే వస్తువే అందరినీ ఆడిస్తుంది. చివరికి ఓం భార్య జయ ఒక్కతే ఆ గొంతుకు ఎదురు తిరిగి, నేను కావాలంటే నువ్వే నీ ఒంటితో ఇక్కడికి రా అంటుంది. ఒక్క యంత్రం చాలింది ఆవిడకు. నీ పదకొండు ఫోన్లలో పది తీసెయ్యి. మిగిలిన ఒక్కటి మోగినప్పుడు సుధ చేతులకు సబ్బు ఉండాలి, ఎత్తలేకపోవాలి. పక్కనున్న మనిషి ఎత్తాలా వద్దా అని ఆగాలి. ఆ మనిషి ఎవరో నీకు తెలుసు.

ఏ పరిషత్తుకు పంపాలి, ఎవరు అచ్చు వేస్తారు అని అడిగావు. అవి తర్వాత.

ముందు ఒక పని చెయ్యి. నాటిక మొత్తం ఆమె వైపు నుంచి ఒక నోట్‌బుక్‌లో రాసుకో, ఎవరికీ చూపించకు. పొద్దున ఎన్నింటికి ఇంట్లోంచి బయల్దేరింది, ఆ అపార్ట్‌మెంటు గేటులో పేరు రాయించుకుని పంపారా, ఆమెకు వేరే లిఫ్టా, ఈ ఇంటికి ముందు ఎన్ని ఇళ్లు చేసి వచ్చింది, కప్పు పగిలిన చప్పుడు వినపడ్డప్పుడు చేతిలో ఏముంది. ఆమె ఇంట్లో ఆమె మొగుడు ఏం విసురుతాడు. ఇదంతా నాటికలో ఒక్క ముక్క రాకపోయినా ఫర్వాలేదు. ఆమె రంగం మీదికి ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో నీకే తెలుస్తుంది. నాకనిపించేది ఆమె అసలు లోపలికి పోకూడదని. మొదటి నుంచీ చివరి దాకా అక్కడే ఏదో ఒక పని. సుధ అత్తగారు "ఈ సంగతి గడప దాటకూడదు" అంటుంది చూడు నీ నాలుగో రంగంలో, అప్పుడు గడప దగ్గర కూర్చుని నేల తుడుస్తూ ఉండాలి. ఆ మాట ఎవరికి వినపడుతోందో అత్తగారికి పట్టదు. ప్రేక్షకులకు పడుతుంది.

నీ కాగితాల మీద పెన్సిల్‌తో చాలా చోట్ల రాశాను, చెరపకుండా చదువు. వచ్చే శనివారం జేపీ నగర్‌లో రంగశంకర నాటకశాలలో కన్నడ నాటకం ఉంది, నీకూ టికెట్టు తీసుకుంటాను. అక్కడ ప్రేక్షకులు మూడు వైపులా కూర్చుంటారు, నోరు మెదపకుండా నిలబడ్డ నటుడికి దాక్కునే చోటుండదు. అది నువ్వు చూడాలి. ఏడున్నరకు తలుపు మూసేస్తే ఇంక లోపలికి పంపరు. ఏడుకల్లా దాని గేటు దగ్గరుండు. వచ్చేటప్పుడు ఆ పట్టికలో ఆఖరి వరస నింపి తీసుకురా. పేరు, వయసు, ఊరు.

ఆశీస్సులతో,
నీ అక్కయ్య